కాంటా మామ, కార్నర్ ఆటగాడు

ఆ రోజుల్లో కబడ్డీ అంటే టీవీలో రంగు లైట్ల కింద, మెత్తటి పరుపుల మీద ఆడే ఆట కాదు. పొద్దున్నే నేల మీద నీళ్లు చల్లి, ఊక పోసి, సున్నంతో గీతలు గీసేవాళ్లం. ఆ గీతలు చెరిగిపోయేదాకా మట్టిలో పొర్లేవాళ్లం. ఇంటికెళ్లాక అమ్మ మమ్మల్ని గుర్తుపట్టకపోతే బాగా ఆడినట్టు లెక్క. ఆ మట్టిలో కూడా రెండు రకాల మనుషులుండేవాళ్లు. కూతకు వెళ్లేవాళ్లు ఒక రకం. గీత దాటి అవతలి జట్టు మధ్యకు ఒంటరిగా దూకి, ఒకరినో ఇద్దరినో తాకి ఎగిరి వచ్చేవాళ్లు. వాళ్ల పేర్లు ఊరంతా తెలిసేవి, హోటళ్లలో చాయ్ ఉత్తగానే దొరికేది. పట్టేవాళ్లు రెండో రకం. చేతులు చేతులు కలిపి గొలుసు కట్టి, వచ్చినవాడి మీద పడి, మోకాళ్లు చీరుకుపోయి లేచేసరికి జనం చూపు మళ్లీ కూతకు వెళ్లేవాడి మీదే ఉండేది. నేను పట్టేవాణ్ణి, అందులోనూ ఎడమ కార్నర్. కోర్టు మూలన నిలబడి, వచ్చినవాడి మడమ దొరకబుచ్చుకుని వదలకుండా ఉండటమే నాకు తెలిసిన ఏకైక విద్య. దీన్ని పట్టుకునే ఒక ప్రభుత్వ సంస్థలో (పేరు చెప్పను, పెన్షన్ ఇంకా వాళ్లే ఇస్తున్నారు) రిటైరయ్యేదాకా జీతం తిన్నాను. అసలు అందులో చేరడం ఎలా జరిగిందో తలుచుకుంటే, ఆ కుర్రవాడు నేనేనా అని నాకే అనుమానం వస్తుంది.

ముందు నా ఒంటి గురించి చెప్పాలి. మాది గరిడేపల్లి దగ్గర పల్లె. సాగర్ ఎడమ కాలువ నీళ్లు అందరి పొలాలకూ పారిన తరువాత, ఇంకా మనసొప్పితే మా పొలానికి వచ్చేవి. పంట ఎలా ఉన్నా నేను మాత్రం ఏపుగా పెరిగాను. బడిలో నాటకం వేస్తే నాకు కొండ వేషం ఇచ్చారు (మాటలు లేవు, మధ్యలో నేను తుమ్మినప్పుడు జనం కొండ విరిగిందనుకుని చప్పట్లు కొట్టారు). ఊళ్లో నా పేరు బస్తా. నాయన కూడా కోపం లేని రోజుల్లో అలాగే పిలిచేవాడు. ఆ పేరును అవమానం అనుకునే వయసు రాకముందే అది అలవాటైపోయింది. ఈ ఒళ్లు ఎక్కడా పనికిరాదని, ఎక్కడికెళ్లినా ఎవరికో ఒకరికి అడ్డమని మాత్రం లోపల గట్టిగా ఉండేది. డిగ్రీకి సూర్యాపేటలో చేరినప్పుడు క్లాసులో వెనక బెంచీకి వెళ్లింది చదువు మీద నిర్లక్ష్యంతో కాదు, వెనకవాళ్లకు బోర్డు కనపడదని.

నా క్రీడా జీవితం బస్సులో మొదలైంది. సోమవారం పొద్దున ఊరినుంచి సూర్యాపేట బస్సు. మనిషి మీద మనిషి. నేను తలుపు దగ్గర, కాళ్ల మధ్య హాస్టలుకు తీసుకుపోతున్న బియ్యం సంచీ పెట్టుకుని, పైన కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. కాలేజీ స్టాపు దగ్గర వెనక నుంచి ఎవరో నూకుతున్నారు. సంచీ జరగదు, నేను జరగలేను. వెనక నుంచి భుజంతో, మోచేత్తో, చివరికి తలతో కూడా నూకినట్టు తెలుస్తూనే ఉంది. బస్సు కదిలిపోయింది. బస్టాండులో దిగి సంచీ భుజానికెత్తుకుంటుంటే, చెమటతో తడిసిన చొక్కాతో ఒక సన్నటి మనిషి నా చుట్టూ తిరుగుతూ, అంగడిలో ఎద్దును చూసినట్టు నన్ను చూస్తున్నాడు. అప్పుడు గుర్తుపట్టాను, మా కాలేజీలో ఆటలు నేర్పే పీడీ సారు. చెంప మీద ఒకటి పడుతుందని సిద్ధపడ్డాను.

"ఎవ్వల పిలగానివిరా నువ్వు?" అన్నాడాయన.

"ఫస్టియర్ సార్. తప్పయింది సార్."

"తప్పు సంగతి తర్వాత. నేను ఎంత నూకినా నువ్వు ఇంచు జరగలేదు. నిన్ను దాటి బస్సే దిగలేకపోయిన, ఇగ కూతకొచ్చినోడు నిన్ను దాటి ఎట్ల పోతడు? రేపు పొద్దుగాల గ్రౌండుకు రా."

"నాకు ఆట రాదు సార్."

"ఆట రావాల్సిన పనిలేదు. గిట్ల నిలబడుడు వస్తది గద, సాలు."

అలా చేరాను. సారు నాకు నేర్పింది కూడా అంతే. "బస్తా, నువ్వు ఉరకకు. ఉరికితే ఆట ఖరాబైతది. వచ్చేదాంక ఆగు. వచ్చినంక పోనీయకు." మిగతావాళ్లకు ఎన్నో మెలకువలు చెప్పేవాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఈ నాలుగు మాటలే, మూడేళ్లూ ఇవే. మొదటి ఏడాది మోకాళ్ల మీద చర్మం నిలవలేదు. హాస్టల్లో పక్క గది కుర్రాళ్లు నాకు పసుపు, కొబ్బరినూనె దానం చేసేవాళ్లు. అయినా ఒకటి జరిగింది. జీవితంలో మొదటిసారి ఒక చోట జనం నన్ను పక్కకు జరగమని కాకుండా జరగవద్దని అడిగారు. ఆ సంతోషం ఎంతటిదో లావుపాటి పిల్లలకు విడిగా చెప్పనక్కరలేదు.

మా జట్టులో కూతకు పోయేవాడు పిట్ట. కోదాడ వాడు. సన్నగా, పొడుగ్గా, కాళ్లు నేలకు ఆనాయో లేదో తెలియనట్టు ఉండేవాడు. మాటలో ఆంధ్ర వాసన కొట్టేది, దానికి మేం ఏడిపించేవాళ్లం. వాడు మా యాసను ఏడిపించేవాడు. ప్రాక్టీసులో ఎదురు జట్టులో వచ్చి, నా మూలకు కావాలని కాలు చాపి, నేను వంగేలోపు నా తల మీద తట్టి వెళ్లిపోయేవాడు. "ఏరా బస్తా, నిద్రపోయావా? లేపనా?" అనేవాడు. మూడేళ్లలో ఒక్కసారి కూడా వాణ్ణి నేను పట్టలేకపోయాను. బయటివాళ్లను పట్టాను, నేరేడుచర్ల టోర్నమెంటులో పేరుమోసిన వాళ్లను పట్టి గొర్రెపొట్టేలు గెలిపించాను, కానీ పిట్ట మడమ నా చేతికి రాలేదు. సాయంత్రం ఇద్దరం ఒకే ప్లేటు మిర్చిబజ్జీలు పంచుకునేవాళ్లం. అక్కడ మాత్రం నాదే పైచేయి.

ఒకసారి జిల్లా పేపర్లో మా మ్యాచి ఫొటో పడింది. ఎదుటి జట్టు ఆటగాడు గాల్లో తేలుతున్నాడు, కింద వాడి మడమ చుట్టూ ఒక చెయ్యి, అంతే. ఆ చెయ్యి నాది. పేపరు పట్టుకుని ఊరికెళ్లి అమ్మకు చూపించాను. అమ్మ అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"నీ మొఖమేది బిడ్డా?"

"మొఖం రాలేదమ్మా. గా కాలు పట్టుకున్న చెయ్యి నాదే."

"ఎవలి కాళ్లో పట్టుకున్నవని పేపర్ల ఏస్తరా?" అని అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. నాయన మాత్రం చాలాసేపు ఆ చెయ్యి వంక చూసి, "ఆటకు జీతమిస్తరా ఎవలన్న?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నాకూ తెలియదు. ఇవ్వరనే అనుకున్నాను.

మూడో ఏడాది పరీక్షలు అయ్యాక తెలిసింది, ఇస్తారని. హైదరాబాదులో ఆ ప్రభుత్వ సంస్థకు సొంత కబడ్డీ జట్టుంది, అందులోకి తీసుకుంటే ఆడినన్నాళ్లు ఆట, తరువాత ఆఫీసు, పక్కా ఉద్యోగం. వాళ్ల కోచ్ జిల్లాలు తిరిగి ఆటగాళ్లను చూస్తూ మే నెలలో కోదాడకు వస్తున్నాడు. సారు నన్నూ పిట్టనూ పిలిచి చెప్పాడు. "ఇద్దరూ రాండ్రి. పిట్టకు నేను చెప్పేది లేదు. బస్తా, నీకు ఒక్కటే గండం. ఎనభై కిలోలు దాటితే కోర్టుల కాలు పెట్టనియ్యరు. రూలు గట్లున్నది. ఎల్లేదాంక తూకం సూసుకుంట ఉండు." అది రాకపోతే నాకున్న దారి ఒక్కటే. మిర్యాలగూడలో మా మేనమామ పనిచేసే రైస్ మిల్లులో కాంటా దగ్గర చేరడం. నాయన మాట్లాడి పెట్టాడు కూడా. చెడ్డ పని కాదు. కానీ బస్తా అనే పేరున్నవాడు జీవితమంతా బస్తాల మధ్య కూర్చోవడం నాకు ఎలాగో అనిపించింది. కోర్టు మూలన నిలబడే చోటు నాకు కావాలి. అంతకుముందు దేన్నీ అంతగా కోరుకోలేదు.

తూకం చూసుకోవాలి కాబట్టి సెలవుల్లో ఏకంగా మిర్యాలగూడలో మామ ఇంట్లోనే దిగాను. మామ పేరు ఊరందరికీ కాంటా మామే. మిల్లుకు వచ్చే వడ్లన్నీ ఆయన కాంటా మీదుగానే లోపలికి వెళ్లాలి. వడ్లు చేత్తో పట్టి, పంటి కింద ఒక గింజ కొరికి, ఎంత తడి ఉందో, ఎంత తాలు (గింజ లేని పొల్లు) ఉందో చెప్పేవాడు. నన్ను కాంటా మీద నిలబెట్టి, కళ్లు చిట్లించి, గుండ్లు మార్చి, పెదాలతో ఏవో లెక్కలు వేసుకుని, "డెబ్బై తొమ్మిది. బేఫికర్‌గుండు అల్లుడా" అన్నాడు. ఇంక నాకు దిగులేముంది? అత్త చేసే సర్వపిండి, గోంగూర మాంసం, కొత్తబియ్యం అన్నం, మీద గడ్డపెరుగు. ప్రతి నాలుగు రోజులకూ కాంటా ఎక్కేవాణ్ణి. ఒకసారి డెబ్బై తొమ్మిది, ఇంకోసారి డెబ్బై తొమ్మిదికి కొంచెం తక్కువ. ఇంత తింటున్నా పెరగడం లేదంటే ఆటగాడి ఒళ్లు అంటే ఇదే అనుకుని నాలో నేనే గర్వపడ్డాను. "గింత తిని గూడ సన్నబడుతున్నడు పాపం" అని అత్త ఇంకో గరిటె వేసేది.

కోదాడలో ఆ రోజు పొద్దున మైదానం పక్కన బడి గదిలో తూకం. డాక్టర్ల దగ్గరుండే తెల్లటి యంత్రం మీద ఒక్కొక్కరూ ఎక్కి దిగుతున్నారు. మామ కూడా మిల్లుకు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నా వెంట వచ్చాడు. నేను నవ్వుతూ ఎక్కాను. ముల్లు ఎనభై దాటి, ఇంకా పోయి, ఎనభై రెండున్నర దగ్గర ఆగింది. దిగి మళ్లీ ఎక్కాను. ముల్లుకు నా మీద దయ కలగలేదు. తూకం చూసే పెద్దమనిషి, "సాయంత్రం నాలుగు దాకా టైముంది. తగ్గితే రా, లేకపోతే ఇంటికి వెళ్లు" అని తరువాతి వాణ్ణి పిలిచాడు.

సారు నన్ను గది బయటికి లాక్కొచ్చాడు. "తూకం సూసుకొమ్మంటి గదరా. ఏడ సూసుకున్నవ్?"

నేను మామ వైపు చూశాను. మామ ముందుకొచ్చాడు. "మా మిల్లు కాంటా మీదనే సార్. డెబ్బై తొమ్మిది లెక్కకొచ్చింది. ఇన్నేండ్లల్ల గింజంత తేడ రాలే."

"మరి ఈడ ఎనభై రెండున్నర సూపెట్టె. నీ కాంటా డెబ్బై తొమ్మిది ఎట్ల సూపిచ్చింది పెద్దమనిషీ?"

"కాంటా గూడ గదే సూపిచ్చింది సార్, ఎనభై రెండున్నర. తరుగు పోను డెబ్బై తొమ్మిది."

సారు చెయ్యి అడ్డం పెట్టాడు. "తరుగేంది?"

మామ ఎంతో ఓపిగ్గా, మొదటిసారి వడ్లు తెచ్చిన రైతుకు చెప్పినట్టు చెప్పాడు. "పిలగాడు తానం జేసి వస్తడు, ఒంటి మీద తడి ఉంటది. తడికి రెండు కిలోలు. కట్టుకున్న బట్టలు, సంచి కింద లెక్క, దానికి అర కిలో. ఇగ తాలుకు ఒకటి. మిల్లుల ఎవలికన్న గంతే సార్, సొంత అల్లుడని నేను ఎక్కువ తియ్యలేదు."

"మనిషికి తాలేందయ్యా?"

"మనిషన్నంక జర తాలు ఉండదా సార్" అన్నాడు మామ. ఆ మాట అంటూ అంటూనే తాను చేసిందేమిటో ఆయనకు అర్థమైంది. ముఖం మాడిపోయింది. ఇన్నేళ్లుగా కాంటా మీదకు ఏది ఎక్కినా తరుగు తీసిన మనిషి, నేను ఎక్కితే చెయ్యి దానంతటదే తీసేసింది. నాకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. వాటిల్లో ఏది బయటికి వచ్చిందో చెప్పను.

సారు పరేషాన్ అయిపోయి మెట్ల మీద కూర్చున్నాడు. దారి చూపించింది మళ్లీ మామే. "సార్, తడి వడ్లొస్తే మేం వాపస్ పంపం. ఎండబోస్తం." ఊరి బయట ఒక మిల్లు కళ్లంలో ఆయనకు తెలిసినవాళ్లున్నారు. యాసంగి వడ్లు సిమెంటు నేల మీద ఎండబోసి ఉన్నాయి. మామ ఎవరిదో నల్ల గొంగడి తెచ్చి నా మీద కప్పి, "నడువు అల్లుడా, కాళ్లతోటి సాళ్లు తీసుకుంట ఈ కొసకెల్లి ఆ కొసకు" అన్నాడు. కోదాడ మే నెల ఎండ, మీద గొంగడి, కింద కాలే వడ్లు. నీళ్లు తాగకూడదు. నేను తాగడం లేదని మామ కూడా తాగలేదు. "నీ నోరు ఎండుతుంటే నా గొంతుల ఎట్ల దిగుతది" అని గట్టున కూర్చుని నన్నే చూస్తున్నాడు. అక్కడ వడ్లు తిరగేసే కూలీల్లో ఒక ముసలమ్మ, నా అవస్థ చూడలేక మామను అడిగింది.

"గీ పిలగాడు ఏం తప్పు జేసిండయ్యా?"

"తప్పు కాదమ్మా. సర్కారు ఉద్యోగం కోసం."

"ఉద్యోగమంటే నీడపట్టున కూసునుడే గద. గిదేం ఉద్యోగం?" అని ఆమె బుగ్గలు నొక్కుకుంది.

మధ్యాహ్నానికి నా కాళ్లు మొరాయించాయి. కూర్చుందామని చూస్తుంటే ఎదురుగా పిట్ట. ఇంట్లో పడుకుని సాయంత్రం ఆటకు సిద్ధం కావలసిన వాడు, చొక్కా విప్పి వడ్లలో నిలబడ్డాడు. "ఏంట్రా బస్తా, ఆగిపోయావ్? నన్ను పట్టుకో చూద్దాం" అని ముందు పరుగెత్తాడు. నేను వెంటపడ్డాను. వాడు ఆగి, వెక్కిరించి, మళ్లీ పరుగు. "నీకు గూడ పొద్దుమీకి ఆట ఉన్నది గదరా, అలిసిపోతవ్" అన్నాను. "నాకేంట్రా, నేను గాల్లో తేలేవాణ్ణి. నీ సంగతి చూసుకో" అన్నాడు. ఆ కళ్లంలో మేం ఎన్ని సాళ్లు తీశామో గానీ ఆ వడ్లు ఆ ఏడు కోదాడలో అందరికంటే ముందు ఎండి ఉంటాయి.

మూడున్నరకు మళ్లీ యంత్రం ఎక్కితే ఇంకా అరకిలో ఎక్కువుంది. చెవులు మూసేలా ఎంతో ముద్దుగా పెంచుకున్న జుట్టు (ఆ రోజుల్లో అదే నాగరికత) పిట్ట నన్ను పక్క సెలూనుకు లాక్కెళ్లి మొత్తం తీయించి గుండు చేయించాడు. చొక్కా, ప్యాంటు విప్పించారు. మామ ఒక్క చూపు చూసి, అమ్మ కట్టిన మొలతాడు, తాయెత్తు కూడా తీయించాడు. గుటక వేస్తే బరువు పెరుగుతుందేమోనని ఊపిరి బిగబట్టి ఎక్కాను. ముల్లు ఎనభై దగ్గర కాసేపు వణికి నిలబడింది. పెద్దమనిషి నా గుండు వంక, ఎండకు కమిలిన ముఖం వంక చూసి, "సరే, ఇగ దిగు" అన్నాడు. సారు చెంబెడు మజ్జిగ నా నోట్లో పోశాడు. మామ గోడవైపు తిరిగి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఆట మొదలయ్యాక అసలు సంగతి తెలిసింది. బరువుతో పాటు బలం కూడా కళ్లంలోనే ఆరిపోయింది. పైగా కోచ్ అందరినీ కలిపి రెండు జట్లు చేసి, పిట్టను అటువైపు వేశాడు. వాడు మూడేళ్లు నన్ను తట్టినట్టే తట్టి వెళ్లాడు. నేను అవుటై బయట కూర్చోవడం, లోపలికి రావడం, మళ్లీ కూర్చోవడం. కోచ్ నా వైపు చూడటం మానేశాడు. నాయన ఆనాడు అడిగిన ప్రశ్న మాత్రం నా చెవిలో అలాగే ఉంది. ఆట ముగింపుకు వచ్చేసరికి మా జట్టులో అందరూ అవుటై నేనొక్కణ్ణే మిగిలాను. పిట్ట కూత పెట్టుకుంటూ వచ్చాడు. మామూలుగానే నా మూలకు కాలు చాపాడు. మధ్యాహ్నమంతా నాకోసం ఎండలో పరుగెత్తిన కాలు అది. ఆ సాయంత్రం రెప్పపాటు ఆలస్యంగా వెనక్కి వెళ్లింది. నేను దూకానని అందరూ అన్నారు. దూకలేదు, పిక్క పట్టేసి కూలబడ్డాను. కూలబడుతూ చెయ్యి చాపితే మడమ తగిలింది, వేళ్లు మూసుకున్నాయి. పిట్ట నన్ను ఈడ్చుకుంటూ గీత వైపు పాకాడు. నిజంగా బస్తాలాగే ఈడ్చబడ్డాను. వాడి చెయ్యి గీతకు జానెడు దూరంలో ఉండగా కూత ఆగిపోయింది. ఈల మోగింది. జనం లేచారు. నేను మాత్రం వదల్లేదు.

"వదలరా, అయిపోయింది" అన్నాడు పిట్ట రొప్పుతూ.

"వస్తలేదురా."

"ఏం రావట్లేదు?"

"చెయ్యి. నరం పట్టేసింది. వేళ్లు తెరుసుకుంటలేవు."

పిట్ట నా ముఖంలోకి చూశాడు. కోచ్ మా వైపే వస్తున్నాడు. పిట్ట మెల్లగా లేచి కూర్చుని, నా చేతికి అడ్డంగా వంగి, మడమ దులుపుకుంటున్నట్టు నటిస్తూ నా వేళ్లు ఒక్కొక్కటే విప్పసాగాడు.

"ఈల ఊదినంక గూడ వదలలేదేందయ్యా?" అన్నాడు కోచ్ నాతో. నేను నిజం చెప్పబోయి నోరు తెరిచాను. పిట్ట అందుకున్నాడు. "వీడు అంతేనండి. పడితే వదలడు. మూడేళ్లలో వీడి చేతికి చిక్కి నేనెప్పుడూ బయటపడలేదు. ప్రాక్టీసులో వీడి వైపు వెళ్లాలంటేనే భయం నాకు."

కోచ్ తల ఊపి సారుతో అన్నాడు. "కూతకు పోయేటోళ్లు నాకు మస్తుగున్నరు. గిట్ల మొండిగ పట్టేటోడు దొరుకతలేడు. ఈ గుండు పిలగాన్ని పంపుండ్రి." సారు నా వీపు మీద చరిచాడు. మామ కోర్టులోకి వచ్చేసి కోచ్ చేతులు రెండూ పట్టుకుని వదలకుండా నిలబడ్డాడు. పిట్టను కోచ్ పిలవలేదు.

ఆ సాయంత్రం పిట్ట వాళ్లింట్లో భోజనం. వాళ్లమ్మ వడ్డిస్తుంటే నేను పొద్దుటినుంచి పోయిన బరువంతా అక్కడికక్కడే తిరిగి సంపాదించాను. పిట్టకు బాధ లేదని నేను చెప్పలేను. మజ్జిగ దాకా రాకుండానే చెయ్యి కడుక్కుని లేచాడు. అరుగు మీద వాడి పక్కన కూర్చుని అడిగాను. "ఎందుకట్ల చెప్పినవ్ రా?"

"నీ వేళ్లు ఒక్కోటీ విప్పుతుంటే అనిపించిందిరా, వీటికి ఇంకో పని చేతకాదని. నాకేం, మా నాన్న మోటార్ల వైండింగ్ షాపుంది" అన్నాడు.

హైదరాబాదులో ఆడాను. మొదటి ఏడాది రోజూ భయమే, ఈ పిలగాడిది పట్టు కాదు, పట్టేసిన నరం అని ఎవరో ఒకరు కనిపెడతారని. కోచ్‌కు నేనే రెండుసార్లు నిజం చెప్పాను. వినయం అనుకుని ఇంకా మెచ్చుకున్నాడు. కొత్తగా వచ్చినవాళ్లకు నన్ను చూపించి, "ఈల ఊదినా వదలని మనిషి" అని చెప్పేవాడు. ఆ మాట నిజం కాకపోతే ఆయన పరువు పోతుందని, పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి మడమలు పట్టడం నేర్చుకున్నాను. ఎప్పుడు వంగాలో, బరువు ఎటు వేయాలో, ఎదుటివాడి భుజం చూసి కాలు ఎటు వస్తుందో. నాలుగైదేళ్లకు చేతులకు ఆ పని నిజంగానే వచ్చింది. వచ్చిందని నాకు నమ్మకం మాత్రం కలగలేదు.

తొంభైల్లో ఒకసారి మా సంస్థ జట్టు కోదాడకు వెళ్లింది, ఊళ్లోని పాత ఆటగాళ్లతో సరదా మ్యాచి. మైకులో నా గురించి ఏవేవో చెప్పారు. అటువైపు జట్టులో పిట్ట. కొద్దిగా పొట్ట వచ్చింది, గోళ్లలో వైండింగ్ షాపు వార్నిష్ మరకలు. వాడి భార్య, కూతురు ముందు వరసలో కూర్చున్నారు. కూత పెట్టుకుంటూ నేరుగా నా మూలకే వచ్చాడు. వయసు పైబడినా ఆ నడక అలాగే ఉంది. భుజం కదిలింది, కాలు వచ్చింది, నేను వంగాను. మడమ రెండు చేతుల్లో శుభ్రంగా దొరికింది. వాడు తన్నుకున్నాడు, మెలి తిరిగాడు, గీత వైపు ఒళ్లంతా చాచాడు. కూత ఆగింది. ఈల మోగగానే వదిలేశాను.

ఇద్దరం మట్టిలోనే కూర్చుని రొప్పుతున్నాం. పిట్ట మడమ రుద్దుకుంటూ నా వైపు వంగి, ఎవరికీ వినపడకుండా అన్నాడు. "ఈసారి నిజంగానే పట్టావురా."

నా ఉద్యోగం పర్మనెంటు అయి అప్పటికి చాలా ఏళ్లయింది. అది నిజంగా నాదేనని అనిపించింది మాత్రం ఆ క్షణంలోనే. పిట్ట నాకోసం ఎంత చక్కగా అబద్ధం చెప్పగలడో నాకంటే బాగా తెలిసినవాడు ఈ లోకంలో లేడు. ఈసారి కూడా నాకోసమే కాలు కొంచెం ఆలస్యంగా తీశాడేమో, నాకు తెలియదు. గుండుతో, కమిలిన ముఖంతో కోర్టు మూలన నిలబడ్డ ఆ లావుపాటి కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడికోసమైనా పిట్ట మాట అప్పుడు నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను.